చేతికిచ్చే ముందు

బుధవారం సాయంత్రం చర్చిలో ప్రార్థన ముగించుకుని వెర్లీన్ ఇంటికొచ్చేసరికి, ఆమె వంటింట్లో ఎవరో తిని వెళ్ళారు.

పొద్దున చేసిపెట్టిన మొక్కజొన్న రొట్టెలో ఒక మూల విరిగిపోయింది. ఫ్రిజ్‌లో మజ్జిగ సగానికి దిగింది. తాగిన గ్లాసు శుభ్రంగా కడిగి, గిన్నెలు తుడిచే గుడ్డను మడతపెట్టి, దాని మీద బోర్లించి పెట్టారు. బల్ల దగ్గరి కుర్చీ ఒకటి కిటికీ వైపు తిరిగి ఉంది. ఆ కుర్చీకి ఆమె తగిలించి వెళ్ళిన నీలం కోటు నేల మీద పడి ఉంది. వెనక తలుపు నుంచి కుర్చీ దాకా, మళ్ళీ తలుపు దాకా బురద అడుగులు.

పోయిన వస్తువు ఒక్కటీ లేదు. వెర్లీన్‌కి అసలు భయం పుట్టింది అక్కడే. దొంగ అన్నవాడు ఏదో ఒకటి పట్టుకుపోతే మనసుకి ఒక లెక్క అందుతుంది. వచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ రొట్టె తిని, గ్లాసు కడిగి వెళ్ళినవాణ్ణి ఏమనుకోవాలి?

షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు ఇల్లంతా ఒక చుట్టు తిరిగాడు.

"తలుపుకి తాళం వెయ్యలేదా అమ్మగారూ?"

"ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఎప్పుడూ వెయ్యలేదు. తాళంచెవి ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు."

"మత్తుమందుకి అలవాటు పడ్డ కుర్రాళ్ళయి ఉంటారు."

"మత్తులో ఉన్నవాడు గ్లాసు కడుగుతాడా బాబూ? నా కొడుకు మత్తులో లేనప్పుడు కూడా కడగడు."

కుర్రాడు నవ్వాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఒక మంచి పిస్టల్ దగ్గర పెట్టుకోండి. మీ కొండ మీదికి మేం వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోతుంది" అన్నాడు. ఈ మాట చెప్పడానికి పోలీసు యూనిఫాం ఎందుకో వెర్లీన్‌కి అర్థం కాలేదు.

కొడుకు రస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో టైర్ల షాపు నడుపుతాడు. ఫోన్‌లో వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది. మెల్లగా, ఒక్కో మాటా వత్తి చెప్పాడు. "ఆదివారం భోజనానికొస్తాను. ఆలోగా నీ చేతికి పనికొచ్చే తుపాకీ ఒకటి ఇంట్లో ఉండాలి. లేదా బట్టలు సర్దుకుని నాతో వచ్చెయ్. మా కింది గది నీ కోసమే ఖాళీగా ఉంది. మూడో మాట లేదమ్మా."

ఆ కింది గది వెర్లీన్‌కి తెలుసు. దానికున్న ఒకే ఒక్క కిటికీలోంచి కారు చక్రాలు కనిపిస్తాయి. ఈ ఇంటి కిటికీలోంచి లోయా, వాగూ, వాగుకి అవతల హోలిస్ బాబాయ్ ఇంటి పొగగొట్టమూ కనిపిస్తాయి. భర్త లోవెల్ ఈ కిటికీ పక్కనే కూర్చుని పోయాడు. తనూ ఇక్కడే పోవాలని ఆమె కోరిక. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెప్తే కొడుకు మళ్ళీ మెల్లగా మాట్లాడతాడని భయం.

* * *

వెర్లీన్ బడిలో వంటమనిషి. గురువారం బంగాళాదుంపలు మెదుపుతూ విషయం చెప్పిందో లేదో, వంటింట్లో ఆడవాళ్ళంతా గరిటెలు పట్టుకుని ఆమె చుట్టూ చేరారు. మిగతా విషయాలేమోగానీ, తుపాకీ సంగతి ఎత్తితే ఈ జిల్లాలో నోరు మెదపని మనిషి ఉండదు.

"రివాల్వరే కొనుక్కో. అందులో తూటా ఎప్పుడూ ఇరుక్కోదు," అంది ఓపల్. ఆమె బడిలో రొట్టెలు కాలుస్తుంది, వెర్లీన్‌కి ప్రాణస్నేహితురాలు.

"రివాల్వర్లో పట్టేది ఆరు తూటాలే. వచ్చినవాళ్ళు ముగ్గురైతే?" అంది గిన్నెలు కడిగే పిల్ల.

"ఆరింటితో ముగ్గుర్ని కొట్టలేనిదానికి పదిహేను పట్టేది మాత్రం ఎందుకే?"

"చిన్నదయితే సంచిలో పడుంటుంది."

"చిన్నది చెయ్యి విరగ్గొడుతుంది. మా ఆయన నాకు అలాంటిది పుట్టినరోజు కానుకిచ్చాడు. ఒక్కసారి పేల్చి ఆయనకే తిరిగిచ్చేశాను, ఎటు గురిపెట్టి ఇచ్చానో అడక్కు," అంది ఓపల్. అందరూ పగలబడి నవ్వారు.

వెర్లీన్ కూడా నవ్వింది. నవ్వుతూనే దుంపల్లో ఉప్పు రెండోసారి వేసేసింది. మధ్యాహ్నం పిల్లలు నీళ్ళు తాగి తాగి చచ్చారు.

శుక్రవారం పాస్టరు గారొకటి చెప్పారు. పెట్రోలు బంకులో ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. పెద్ద తూటా అయితే గోడలోంచి దూసుకుపోతుందట, చిన్న తూటా అయితే మనిషి ఆగడట. సేఫ్టీ మీట లేకపోతే ప్రమాదమట, ఉంటే కంగారులో మర్చిపోతామట. చెప్పినవాళ్ళంతా ప్రమాణం చేసినట్టే చెప్పారు. ఆమె ఎవరి మాట వింటే వాళ్ళదే సబబుగా తోచింది. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, తనకి బుర్ర తక్కువేమోనని నిజంగానే దిగులుపడింది.

* * *

శనివారం పొద్దున రస్టీ ఆగలేక తనే వచ్చి తల్లిని దాణా కొట్టుకి తీసుకెళ్ళాడు. ముందు భాగంలో కోళ్ళ మేత, గుర్రాల ఉప్పు, రబ్బరు బూట్లు. వెనక భాగంలో అద్దాల బల్ల కింద వరసగా తుపాకులు. కౌంటర్ దగ్గర డెల్ అనే అతను, గడ్డం ఊగేలా చూయింగ్ గమ్ నములుతూ.

"అమ్మగారికి ఏం చూపించమంటావు రస్టీ?" అన్నాడు. అమ్మగారు ఎదురుగానే నిలబడి ఉంది.

"ఇల్లు కాపాడుకోడానికి. తొమ్మిది మిల్లీమీటర్లది చూపించు. నాదానిలాంటిది," అన్నాడు రస్టీ, నడుముకున్న పిస్టల్‌ని చేత్తో తట్టి.

డెల్ ఒక నల్ల పిస్టల్ బయటికి తీశాడు. తూటాలుండే మ్యాగజైన్ ఊడదీసి, పైభాగం వెనక్కి లాగి, లోపల ఏమీ లేదని వెలుతురులో చూపించి అప్పుడు ఇచ్చాడు. రస్టీ పుచ్చుకుని, తనూ ఒకసారి లాగి చూసుకుని, తల్లి చేతిలో పెట్టాడు.

వెర్లీన్ పైభాగం లాగబోయింది. రాలేదు. బడిలో పిండి బస్తాలు భుజానికెత్తుకునే మనిషి, కానీ వాపెక్కిన బొటనవేలు జారిపోయింది. మళ్ళీ లాగింది. మళ్ళీ జారింది.

"కంగారేం లేదు," అన్నాడు డెల్, ఆమెతో కాదు, రస్టీతో. "ఆడవాళ్ళ కోసం వేరే ఉన్నాయి." బల్ల కింద నుంచి గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్ తీశాడు. తూటాలు పట్టే చక్రం తెరిచి, అయిదు గదులూ ఖాళీ అని చూపించి, రస్టీకి అందించాడు.

"ఇది నాకా?" అంది వెర్లీన్.

"తేలిగ్గా ఉంటుందమ్మా. ముద్దుగా కూడా ఉంటుంది."

"దొంగని నవ్వించి పంపడానికైతే బానే ఉంది."

వెనక మేత కొంటున్న ఇద్దరు నవ్వారు. రస్టీ చెవులు ఎర్రబడ్డాయి. డెల్ ఇంకో నాలుగు బయటపెట్టాడు. ఒకటి బరువు, ఒకదాని ట్రిగ్గర్ గట్టి, ఒకటి ఆమె అరచేతికి అందలేదు. ప్రతిదాని గురించీ కొడుకూ కొట్టువాడూ ఆమె తల మీదుగా ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. వాహనం కొంటున్నట్టు మాట్లాడుకున్నారు, తోలేది ఎవరో అడగకుండా. ఆమెకి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది, ఆ రెండింటిలో ముందు ఏది చెయ్యాలో తెలియలేదు.

"ఏదమ్మా?" అన్నాడు రస్టీ చివరికి.

"నాకు తేలడం లేదురా."

"బట్టల కొట్లోనూ ఇంతే, ఇక్కడా ఇంతే! రేపు మధ్యాహ్నం దాకానే నీకు టైము." ఆమెను ఇంటి దగ్గర దింపి, ఇంజను కూడా ఆపకుండా బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

* * *

ఆమె వాగు దాటి హోలిస్ బాబాయ్ ఇంటికి నడిచింది. ఎనభై దాటిన మనిషి, ఒంటరి. జిల్లా మొత్తానికీ ఆయన బాబాయే. వేటకు లైసెన్సు కావాలంటే ముందు ఆయన దగ్గర పాఠం వినాల్సిందే అన్న రోజుల్లో రస్టీ కూడా ఆయన శిష్యుడే. ఆయన ముందుగదిలో అద్దాల బీరువా ఉంది. అందులో ఆయన జీవితమంతా ఏరికూర్చిన చేతి తుపాకులు, ఒకదానికొకటి తగలకుండా, మెత్తటి ఆకుపచ్చ గుడ్డ మీద.

"నువ్వా అమ్మాయ్! నాకెప్పటినుంచో అనుమానం, నువ్వు నా తుపాకుల కోసం వస్తావని," అన్నాడు. ఆయన నవ్వితే పెట్టుడు పైపళ్ళు కొంచెం కదులుతాయి.

ఆయన ఏమీ అమ్మజూపలేదు. ముందు ఆమె చేతులు చూశాడు. అరచెయ్యి తెరిపించి, బొటనవేలి కణుపు నొక్కి, "ఇది ఎప్పటినుంచి?" అని అడిగాడు. నాలుగు రోజులుగా ఆమెను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. తర్వాత బీరువా తెరిచాడు.

"మొదటి పాఠం. చేతికిచ్చే ముందు ఇచ్చేవాడు తెరిచి చూపించాలి. పుచ్చుకునేవాడు మళ్ళీ తెరిచి చూసుకోవాలి. నేను చూశాగా అన్నా సరే. దేవుడు చూసి ఇచ్చినా సరే, నువ్వు మళ్ళీ చూడాల్సిందే."

"దేవుడికి కోపం రాదూ?"

"ఆయనా నా దగ్గర పాఠం విన్నాడులే."

ఒక్కొక్కటీ చక్రం తెరిచి, గదులు చూపించి, "ఖాళీ" అని పైకి పలికి ఇచ్చాడు. ఆమె తెరిచి చూసి "ఖాళీ" అనేదాకా చెయ్యి వదల్లేదు. ఒకదానికి నల్లటి మెరుపు పోయి గోధుమరంగు తేలింది. ఆమె తుడవబోయి ఏప్రాన్ అంచు ఎత్తితే ఆయన గుండె పట్టుకున్నాడు. "తుడవకు! అది మురికి కాదు, వయసు. దాన్ని రుద్ది కొత్తది చేశామని మురిసిపోయే వెధవలున్నారు ఈ జిల్లాలో. నన్నూ అలాగే రుద్దుతావా?"

కొట్టాం వెనక కంచె మీద కాఫీ డబ్బాలు పెట్టి కాల్పించాడు. ఉక్కుతో చేసిన పాత ముప్పై ఎనిమిది కాలిబర్ రివాల్వర్ ఆమె చేతికి కుదిరింది. బరువున్నది కాబట్టే చెయ్యి ఎగరలేదు. మూడో తూటాకి డబ్బా ఎగిరి పడింది. వెర్లీన్ చిన్నపిల్లలా కేక పెట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఆమెకి సంతోషం కలిగింది అప్పుడే.

లోపలికొచ్చి కాఫీ పెడతానన్నాడు. పొయ్యి మీద కెటిల్ పెట్టి వెలిగించాడు. కాసేపటికి మాడిన వాసన. అందులో నీళ్ళు లేవు. "కబుర్లలో పెట్టావు నన్ను," అని ఆమె మీదే నెట్టేశాడు. ఆమె నవ్వి పొయ్యి ఆపింది. ఆ ఉక్కు రివాల్వరూ బాగుంది, దాని పక్కన పొట్టి గొట్టంది కూడా బాగుంది.

"ఏది బాబాయ్?"

"రాత్రి నిద్రపో. చెయ్యి నిద్రలో తేల్చుకుంటుంది. రేపు చర్చి అయ్యాక రా, తీసుకెళ్దువుగాని."

* * *

ఆదివారం గాలి చల్లగా ఉంది. వెర్లీన్ నీలం కోటు వేసుకుని చర్చికి వెళ్ళి, అటు నుంచి అటే హోలిస్ బాబాయ్ ఇంటికి వచ్చింది. తలుపు కొడితే పలకలేదు. లోపలికెళ్ళింది.

ఆయన టోపీ పెట్టుకుని, బీరువా ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి చిన్నగా తలూపాడు. ఒళ్ళో ఉన్న ఉక్కు రివాల్వర్ తీసి, పిడి ముందుకు పెట్టి, ఊరికే అలా అందించాడు.

చక్రం తెరవలేదు. "ఖాళీ" అనలేదు.

వెర్లీన్ చెయ్యి చాపి పుచ్చుకుంది. ఒక్క క్షణం ఏదో తప్పినట్టనిపించింది, ఏమిటో తట్టలేదు. నిన్నటి పాఠం వేళ్ళకే గుర్తుంది. తెరిచింది. ఆరు గదుల్లోంచీ ఆరు ఇత్తడి వలయాలు ఆమె మొహంలోకి చూశాయి.

"బాబాయ్, ఇందులో తూటాలున్నాయి."

"ఉండకేం?" అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఇంటికెళ్ళాలి. మా ఇంట్లో ఎవరో ఆడమనిషి చేరింది. బుధవారం నేను వెళ్ళేసరికి లేదు, కాబట్టి బతికిపోయింది. అమ్మ కుర్చీకి కోటు తగిలించింది చూడు, ఎంత పొగరు! తీసి నేలకేసి కొట్టాను. నీలం కోటు." ఆయన కళ్ళు ఆమె భుజాల మీద ఆగాయి. "అచ్చం నీదానిలాంటిదే."

వెర్లీన్ వంటింటి వైపు చూసింది. అక్కడ, మడతపెట్టిన గుడ్డ మీద, బోర్లించిన గ్లాసు.

వాగు అవతల వెర్లీన్ ఉంటున్న ఇల్లు ఆయన తండ్రి కట్టింది. ఆయన పుట్టింది అందులోనే. దాన్ని లోవెల్ వాళ్ళ నాన్నకి అమ్మేసిన సంగతి ఊరందరికీ గుర్తుంది, ఆయనకి తప్ప. ఆమె నాలుగు రోజులుగా ఊరంతా తిరిగి వెతుకుతున్న తుపాకీ ఈ మనిషి కోసమే. ఈయన రాత్రంతా కూర్చుని తూటాలు నింపింది ఆమె కోసమే. మంచి గురి ఉన్న గురువు. కాఫీ డబ్బా కొట్టడం నిన్ననే నేర్చుకున్న శిష్యురాలు. ఇద్దరూ ఒకే వంటింటిని కాపాడుకోబోయారు.

ఆమె కోటు మెల్లగా విప్పి, లోపలి పక్క బయటికొచ్చేలా మడిచి, చేతి మీద వేసుకుంది. ఆరు తూటాలూ దాని లోపలి జేబులోకి ఒంపింది.

"బాబాయ్, నాకు ఇంకా తేలడం లేదు."

"ఏమిటి తేలనిది?"

"ఏది తీసుకోవాలో. ఇదీ బాగుంది, ఆ పొట్టిదీ బాగుంది. ఆ మూల ఉన్నదేమో నేను పట్టుకోనే లేదు. అన్నీ ఇంటికి పట్టుకెళ్ళి, ఒక్కొక్కటీ చేతిలో పెట్టుకుని చూసుకోనా?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. మొహంలో ఏదో దారి మళ్ళింది. పాత నవ్వు వచ్చింది, పైపళ్ళు కదిలాయి. "బట్టల కొట్లో కూడా ఇలాగే చేస్తావా నువ్వు?"

"అడగండి రస్టీని."

"అన్నీనా?"

"అన్నీ. నా బుర్ర సంగతి మీకు తెలీనిదేముంది?"

ఉతికే బట్టల బుట్ట తెచ్చి, అడుగున తువ్వాళ్ళు పరిచింది. ఆయన లేచి బీరువా ముందు నిలబడ్డాడు. పాఠం చెప్పేటప్పటి నిలుపు వచ్చేసింది ఒంట్లోకి. ఒకటి తీసి, చక్రం తెరిచి, వెలుతురుకి ఎత్తి, ఆమెకు చూపించాడు. గదులన్నీ తూటాలతో నిండి ఉన్నాయి.

"చూశావా? ఖాళీ," అన్నాడు హోలిస్ బాబాయ్.

ఆమె కళ్ళు నిండాయి. పుచ్చుకుని, తెరిచి, తూటాలు కోటు జేబులోకి జార్చింది. మళ్ళీ చూసింది.

"ఖాళీ, బాబాయ్."

అప్పుడు వదిలాడు చెయ్యి. అలాగే ఒక్కొక్కటీ. కొన్ని నిజంగానే ఖాళీ. కొన్ని కావు. అన్నింటికీ ఆయన గొంతు ఒకటే. ఎక్కడ కొన్నాడో, ఎవరి దగ్గర కొన్నాడో, ఒక్క ముక్క తప్పకుండా చెప్పాడు. ఖాళీ అయిన ఆకుపచ్చ గుడ్డ ముందు కాసేపు నిలబడి, "జాగ్రత్తగా చూసుకో. తుడవకు," అన్నాడు.

"తుడవను. ఒట్టు."

* * *

టల్సాలో ఉన్న ఆయన కూతురు జోనెల్‌కి ఫోన్ చేసింది. అవతల ఏడుపు. కెటిల్ మాడ్చుకునే సంగతి తనకీ తెలుసనీ, మతిమరుపు ఇంత దూరం వచ్చిందనుకోలేదనీ, రేపే బయల్దేరి వస్తాననీ అంది. బుట్టను వెర్లీన్ పడకగది అలమరలో పెట్టి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ అలమరకి తాళం వేసింది.

రస్టీ వచ్చేసరికి బల్ల మీద కోడికూర, చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె. వాడు కూర్చోకుండానే అడిగాడు. "ఏది తెచ్చావు?"

"తేలలేదురా ఇంకా."

"అయితే సర్దుకో అమ్మా. మాటంటే మాటే."

ఆమె చెప్పబోయేలోపు వెనక తలుపు తెరుచుకుంది. ఎవరూ తట్టలేదు. గచ్చు మీద బురద బూట్ల చప్పుడు. రస్టీ చెయ్యి నడుము మీదికి వెళ్ళింది. వెర్లీన్ బల్ల మీదుగా వంగి, ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది. పిండి బస్తాలు ఎత్తే చెయ్యి అది. ఈసారి జారలేదు.

"కూర్చో," అంది.

హోలిస్ బాబాయ్ టోపీ తీసి చిలక్కొయ్యకి తగిలించాడు. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. లోయ వైపు తృప్తిగా చూశాడు. తర్వాత తల తిప్పి, వాళ్ళిద్దర్నీ మర్యాదగా పలకరించాడు.

"ఎవరమ్మా మీరు?"

రస్టీ నోరు తెరిచాడు. తల్లి పట్టు బిగిసింది.

"వంటమనిషినండీ. ఈ అబ్బాయి నా కొడుకు."

"ఆహా. అమ్మ పెట్టుకుందా నిన్ను? మంచిది, ఆవిడకీ పెద్దతనం వచ్చింది." ముక్కుతో గాలి పీల్చాడు. "రొట్టె వాసన బాగుంది."

ఆమె గ్లాసులో రొట్టె తుంపి, మజ్జిగ పోసి, చెంచాతో ఆయన చేతికిచ్చింది. ఇచ్చే ముందు గ్లాసు వంచి చూపించింది, నిండుగా ఉందని. ఎందుకలా చేసిందో ఆమెకే తెలీదు. ఆయన కూడా ఒకసారి లోపలికి చూసుకుని, అప్పుడు పుచ్చుకున్నాడు.

రస్టీ ఆ గ్లాసు వైపు, ఆ బురద అడుగుల వైపు, ఆ తిరిగిన కుర్చీ వైపు చూశాడు. నడుముకున్నదాన్ని విప్పి, తెరిచి, తూటాలు తీసి, ఫ్రిజ్ మీద పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఇంకో కంచం తెచ్చాడు.

బాబాయ్ తిని, గ్లాసు తనే కడిగి, గుడ్డ మడతపెట్టి, దాని మీద బోర్లించాడు. టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. రస్టీ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, ఇంటి దాకా నడిపించడానికి.

"అమ్మాయ్, తలుపు మాత్రం వేసుకో," అన్నాడు ఆయన వెర్లీన్‌తో, గొంతు తగ్గించి. "ఈమధ్య ఇళ్ళల్లోకి ఎవరెవరో వచ్చేస్తున్నారు."

"వేస్తాను బాబాయ్. రోజూ మీరొచ్చి తిన్నాకే వేస్తాను."